దూబగుంట నుంచి చూస్తే రాజ్యాధికారం

సంపాదకులకు,

మీ పత్రికలో రాజ్యాధికారం మీద కొంతకాలంగా నడుస్తున్న చర్చను వరుసగా చదువుతున్నాను. అందులో ఒక పక్షం వారు రాజ్యమంటే అంతిమంగా పోలీసు, జైలు, తుపాకీ అనీ, మిగిలినదంతా దాని మీది పైపూత అనీ రాస్తున్నారు. రెండో పక్షం వారు ఇది సంక్షేమ పథకాల కాలమనీ, జనం తమ ఇష్టంతోనే పాలకుల వెంట నడుస్తున్నారనీ, బలప్రయోగం గురించిన పాత మాటలతో ఈ కాలం అర్థం కాదనీ అంటున్నారు. ఇద్దరూ సాక్ష్యానికి ఇటలీ మార్క్సిస్టు ఆలోచనాపరుడు గ్రాంసీనే పిలుస్తున్నారు. డిగ్రీ కళాశాలలో రాజనీతిశాస్త్రం బోధించి విరమించిన నాకు ఈ రెండు వాదనల్లోనూ ఒకే లోటు కనిపిస్తోంది. సమ్మతిని ఇద్దరూ ఒక నిలకడ స్థితిగా తీసుకుని, అది ఉందా లేదా, ఉంటే ఎంత ఉంది అని లెక్క కడుతున్నారు. జనం ఆ సమ్మతిని వెనక్కి తీసుకున్నప్పుడు రాజ్యం ఏం చేస్తుంది, వాళ్ల కోరికకు రాజ్యం ఒప్పుకున్న తర్వాత ఆ కోరిక ఎవరి చేతిలో మిగులుతుంది అన్న విషయం చర్చలోకి రానేలేదు. హెజిమనీ (జనాన్ని ఒప్పించి నడిపే పెత్తనం) గురించి ఇవాళ ముందుగా అడగవలసింది ఇదేనని నా అభిప్రాయం.

దీనికి జవాబు వెతకడానికి మనకు దగ్గరలోనే ఒక ఉదాహరణ ఉంది. నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలోని దూబగుంట నుంచి 1990ల తొలినాళ్లలో రాష్ట్రమంతటా పాకిన సారా వ్యతిరేక ఉద్యమాన్ని మనం స్త్రీల ఉద్యమ చరిత్రలో, సంస్కరణల చరిత్రలో చదువుకుంటాం గాని రాజ్య సిద్ధాంతానికి సంబంధించిన పాఠంగా చదవడం తక్కువ. ఆ కథను వివరంగా చూస్తే మన చర్చలో చిక్కుపడి ఉన్న చాలా ముళ్లు విడిపోతాయి.

అప్పటికి సారా వ్యాపారం ప్రభుత్వ ఆదాయానికి ఒక పెద్ద ఆధారం. 1980లలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం వారుణి వాహిని పేరుతో సారాను ప్యాకెట్లలో పోసి పల్లెలకు చేర్చే ఏర్పాటు చేసింది. ఏటా జిల్లా కేంద్రంలో వేలంపాట జరిగేది, పాట దక్కించుకున్న కాంట్రాక్టరు మనుషులు మారుమూల ఊళ్లకు కూడా ప్యాకెట్లు తెచ్చి అప్పు మీద అమ్మేవారు, కూలి డబ్బు చేతికి రాకముందే అందులో సగం ఆ అప్పు కింద జమ అయిపోయేది. కాంట్రాక్టరుకు అడ్డం వస్తే పోలీసు వచ్చేవాడు. ఇదంతా చట్టబద్ధంగా, రసీదుతో, ప్రభుత్వ ముద్రతో జరిగేది. మగవాళ్లు తాగుతారు, ఆడవాళ్లు తన్నులు తింటారు, అది ఇంటి సంగతి అన్నదే ఊరంతా ఒప్పుకున్న మాట. సమ్మతి అంటే ఇదే. ఓటు వేయడం, పథకానికి చేతులు జోడించడం మాత్రమే సమ్మతి అనుకుంటే పొరపాటు. ఒక దుఃఖాన్ని ఎవరూ ప్రభుత్వ విషయంగా గుర్తించకుండా ఇంటి నాలుగు గోడల మధ్యే ఉంచగలగడం అంతకంటే లోతైన సమ్మతి.

1991లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమం మొదలైంది. దాన్ని నడిపింది కూడా ప్రభుత్వ యంత్రాంగమే. జన విజ్ఞాన వేదిక వంటి సంస్థల కార్యకర్తలు, ఉపాధ్యాయులు, కళాజాతా బృందాలు అందులో పాలుపంచుకున్నారు. చదువు నేర్పే వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉండేది. తాగుడు వల్ల కూలిపోయిన ఒక ఇల్లు, ఆ ఊరి ఆడవాళ్లు సారాకొట్టు మూయించడం అందులోని విషయం. దూబగుంటలో రోసమ్మ, ఆమెతో పాటు కూలి పని చేసుకునే మరెందరో స్త్రీలు ఆ పాఠం చదివి, చర్చించుకుని, తమ ఊళ్లోకి సారా రాకుండా నిజంగానే ఆపేశారు. ఆ తర్వాత వాళ్ల కథే ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠమై మిగతా ఊళ్ల రాత్రిబడులకు చేరింది.

ఆ రోజుల్లో నేను కూడా రాత్రిబడులకు వెళ్లేదాన్ని. పొలం పని ముగించుకుని, వంట చేసి, పిల్లల్ని నిద్రపుచ్చి ఆడవాళ్లు వచ్చి కూర్చునేసరికి బాగా పొద్దుపోయేది. లాంతరు వెలుతురులో ‘సారా’ అన్న రెండక్షరాలు దిద్దిన ఒకావిడ వాటిని చెరపకుండా పలక నా ముందుకు జరిపి, దీని పక్కన మా ఇంట్లో నెలకు ఎంతవుతుందో వేయడం కూడా నేర్పమ్మా అని అడిగింది. అంకెలు వేశాక వాటిని చుట్టూ ఉన్నవాళ్లకు చూపించింది. ఆ తర్వాత ఒక్కొక్కరూ తమ ఇంటి లెక్క చెప్పడం మొదలుపెట్టారు. ఎవరింట్లో వాళ్లు విడివిడిగా మోస్తున్న బరువు ఆ లెక్కల్లో ఊరి విషయమైంది. ఇంత ఆదాయం మా ఊరి నుంచి పోతుంటే తాగే నీళ్లు ఎందుకు రావు, సారా మాత్రం గుమ్మం దాకా ఎలా వస్తోంది అన్న మాట అప్పుడు ఎన్నో ఊళ్లలో స్త్రీల నోట వినిపించింది. సిద్ధాంతకారులు ఎంతో శ్రమపడి చెప్పే విషయాన్ని వాళ్లు ఆ ఒక్క ప్రశ్నలో పెట్టారు.

ఇక్కడ రాజ్యం ఎక్కడుంది? ఎక్సైజ్ శాఖ వేలం వేస్తోంది, కలెక్టరు అధ్యక్షుడిగా ఉన్న అక్షరాస్యతా సమితి పాఠం అచ్చువేస్తోంది, పోలీసు కాంట్రాక్టరుకు కాపలా కాస్తున్నాడు, ప్రభుత్వ బడి ఉపాధ్యాయుడు రాత్రిపూట ఆ పాఠం చెబుతున్నాడు. నలుగురికీ జీతమిచ్చేది ఒకే ఖజానా. పారిస్‌లో పనిచేసిన గ్రీకు మార్క్సిస్టు నికోస్ పులాంజాస్ 1978లో ప్రతిపాదించిన సూత్రం దీనికి బాగా అతుకుతుంది. రాజ్యాన్ని ఎవరో ఒకరు చేతపట్టుకునే పనిముట్టుగా గాని, తనంతట తాను నిర్ణయాలు తీసుకునే వ్యక్తిగా గాని చూడకూడదనీ, అది సమాజంలోని బలాబలాలు ఘనీభవించిన రూపమనీ ఆయన అన్నాడు. ఆ సంఘర్షణ రాజ్యం బయటే ఆగిపోదు, శాఖల మధ్యా, ఒకే శాఖలోనూ నడుస్తుంది. రాజ్యమంటే తుపాకీ మాత్రమే అనే మిత్రులకు నేను చెప్పదలచుకున్నది ఇదే. వాచకం అచ్చువేసిన రాజ్యాన్ని మీరు లెక్కలోకి తీసుకోకపోతే, ప్రతిఘటనకు అవసరమైన అక్షరాలు ఎక్కడి నుంచి వచ్చాయో మీరు చెప్పలేరు.

అలాగని బలప్రయోగం పాతబడిందనేవారి మాటా నిలవదు. నెల్లూరులో 1992లో వేలంపాటలు జరగకుండా వేలాది స్త్రీలు అడ్డుకున్నారు. పాటలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. సమ్మతి ఉన్నంత కాలం మారుమూల పల్లెలో పోలీసు అవసరం పెద్దగా లేకుండా సాగిన వ్యాపారానికి, సమ్మతి పోగానే లాఠీలు, కేసులు, అరెస్టులు అవసరమయ్యాయి. ముస్సోలినీ ప్రభుత్వం 1926లో నిర్బంధించిన గ్రాంసీ జైలులో రాసుకున్న నోటు పుస్తకాల్లో ఈ రెండింటినీ విడదీయలేదు. సమ్మతికి బలప్రయోగం కవచంగా ఉంటుందని ఆయన భావం. కవచం ఎప్పుడూ కనిపించాలని లేదు, దెబ్బ తగిలినప్పుడే అది ఉందని తెలుస్తుంది. అధికారం రాజు దగ్గర మాత్రమే ఉండదనీ, కుటుంబం, బడి, ఆస్పత్రి వంటి చోట్ల సన్నని పాయలుగా ప్రవహిస్తుందనీ ఫ్రెంచి తత్వవేత్త ఫూకో చెప్పినది చాలావరకు నిజం, మొగుడి చేతిలోని అధికారానికీ కాంట్రాక్టరు చేతిలోని అధికారానికీ ఉన్న లంకెను ఆ ఊళ్ల స్త్రీలు ఏ పుస్తకమూ చదవకుండానే గుర్తించారు. అయితే ఆ పాయలన్నీ వచ్చి కలిసే చోటు ఒకటి ఉందనీ, అది జిల్లా కలెక్టరు కార్యాలయంలోని వేలం గది అనీ కూడా వాళ్లకు తెలుసు. అందుకే అక్కడికి వెళ్లి కూర్చున్నారు. అధికారం అంతటా ఉందని చెప్పి అక్కడితో ఆగిపోయే సిద్ధాంతానికి ఈ రెండో తెలివిడి లేదు.

ఇక నేను ఎక్కువగా చెప్పదలచుకున్న భాగానికి వస్తాను. ఉద్యమం ఓడిపోలేదు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరులో రాష్ట్రమంతటా సారా అమ్మకాన్ని ప్రభుత్వం నిషేధించింది. 1994 డిసెంబరులో మళ్లీ అధికారంలోకి వచ్చిన రామారావు ప్రమాణ స్వీకారం రోజునే మద్యనిషేధం ఫైలు మీద సంతకం చేశారు. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం అమల్లోకి వచ్చింది. వారుణి వాహిని తెచ్చిన నాయకుడే నిషేధం కూడా తెచ్చారు. దీన్ని వ్యక్తి చిత్తశుద్ధికి సంబంధించిన విషయంగా నేను చూడను. ఒక పెద్ద కోరికను తనలోకి తీసుకుని, దాన్ని తన హామీగా మార్చుకుని, తన సంతకంతో తిరిగి ఇవ్వగలగడంలోనే రాజ్యపు అసలు శక్తి ఉంది. ఇటలీ ఏకీకరణ చరిత్రను పరిశీలిస్తూ గ్రాంసీ దీన్ని నిష్క్రియ విప్లవం అన్నాడు. కింది నుంచి లేచిన ఒత్తిడిని పైనుంచి, కొద్దికొద్దిగా, ఒత్తిడి తెచ్చినవాళ్లకు నాయకత్వం దక్కకుండా నెరవేర్చడం దాని లక్షణం.

దూబగుంట స్త్రీల కోరికను జాగ్రత్తగా చూడండి. మా ఊళ్లో సారా అమ్మకూడదు అన్నది పైకి కనిపించే మాట. మా ఊళ్లో ఏది అమ్మాలో, ఏది అమ్మకూడదో మమ్మల్ని అడిగి నిర్ణయించాలి అన్నది దాని లోపలి మాట. ప్రభుత్వం మొదటి మాటను పూర్తిగా, అడిగినదానికంటే ఎక్కువగా కూడా నెరవేర్చింది. రెండో మాటను తాకలేదు. నిర్ణయం అంతకుముందు హైదరాబాదులో ఉంది, నిషేధం తర్వాత కూడా హైదరాబాదులోనే ఉండిపోయింది. ఫలితంగా 1997 ఏప్రిల్‌లో ఖజానా నష్టం, దొంగరవాణా, నాటుసారా కారణాలుగా చూపి నిషేధాన్ని ఎత్తివేసినప్పుడు, దాన్ని సాధించిన స్త్రీలను అడగవలసిన అవసరం ఎవరికీ కలగలేదు. ఇచ్చినవారు వెనక్కి తీసుకున్నారు. చట్టం దృష్టిలో అందులో దోషం లేదు. అప్పటికి ఉద్యమం రాజకీయంగా చెదిరిపోయింది, అందులోని వేడిలో కొంత భాగం రోజుకో రూపాయి దాచుకునే పొదుపు లక్ష్మి సంఘాల్లోకి, ఆ తర్వాత డ్వాక్రా గ్రూపుల్లోకి మళ్లింది. ఆ సంఘాలు స్త్రీల చేతికి డబ్బునూ, బ్యాంకు ముందు నిలబడే ధైర్యాన్నీ ఇచ్చాయి, దాన్ని నేను ఎంతమాత్రం తక్కువ చేయను. కాని వేలం గదిని ముట్టడించిన సమూహం వాయిదా కట్టే గ్రూపుగా మారిన క్రమాన్ని రాజనీతిశాస్త్రం గమనించకపోతే అది శాస్త్రం చేయవలసిన పని చేయనట్టే.

సమకాలీన సిద్ధాంతంలో రాజకీయ సిద్ధాంతకారులు లక్లావ్, మూఫ్ 1985లో చేసిన ప్రతిపాదన ఇక్కడ సగం దూరం సాయపడుతుంది. వేర్వేరు కోరికలు ఒక గొలుసుగా కలిసి, వాటిలో ఒకటి మిగతా అన్నింటికీ ప్రతినిధిగా నిలబడినప్పుడు కొత్త హెజిమనీ ఏర్పడుతుందని వారన్నారు. సారా అన్న మాట అలాగే కూలి రేటు, మొగుడి దెబ్బలు, తాగునీరు, కాంట్రాక్టరు దౌర్జన్యం, దళిత వాడలో పిల్లల ఆకలి అన్నింటినీ తనలో కలుపుకుంది. అయితే ఆ గొలుసును రాజ్యం ఎలా తెంపుతుందో వారి సిద్ధాంతం తగినంతగా చెప్పదు. మనకు కనిపించిన పద్ధతి ఇది: ప్రతినిధిగా నిలిచిన కోరికను ఒప్పుకుని, దాన్ని మిగతావాటి నుంచి విడదీయడం. సారా పోయింది, కూలి రేటు, తాగునీరు, దెబ్బలు ఎవరి గొడవ వాళ్లదిగా మళ్లీ ఇళ్లలోకి వెళ్లిపోయాయి.

మన దేశానికి వచ్చేసరికి చరిత్రకారుడు రణజిత్ గుహ వలస పాలన గురించి చెప్పిన మాటను అందరూ ఉదాహరిస్తారు. బ్రిటిషు రాజ్యానికి పెత్తనం ఉంది గాని హెజిమనీ లేదని, ఒప్పించడం కంటే బెదిరించడమే అక్కడ ఎక్కువపాలు అని ఆయన నిర్ధారణ. దాన్ని యథాతథంగా ఇప్పటికి వర్తింపజేయడం సరికాదు. రాజనీతిశాస్త్రవేత్త పార్థ చటర్జీ చూపించినట్టు ఇవాళ పేదలు పౌరహక్కుల భాష కంటే పథకం, జాబితా, కార్డు అన్న భాషలో రాజ్యంతో బేరమాడుతున్నారు, ఎన్నికల ఒత్తిడి వల్ల ఆ బేరంలో కొన్నిసార్లు గెలుస్తున్నారు. బేరంలో ఎంత దక్కింది అన్నదాన్ని చటర్జీ బాగా కొలుస్తారు. బేరం ఎవరి నిబంధనల మీద జరుగుతోంది అన్నదానికి మనం ఇంకో కొలత వెతుక్కోవాలి. ఆ దిశలో తెలుగులో మనకు దారి చూపినవారు హక్కుల ఉద్యమకారుడు బాలగోపాల్. రాజ్యహింస మీద ఏళ్ల తరబడి పోరాడిన ఆయన, 1990లలో ఆ దృష్టి ఒక్కటే సరిపోదని, కులం, పితృస్వామ్యం వంటి అణచివేతలను కూడా హక్కుల ఉద్యమం సూటిగా పట్టించుకోవాలని వాదించారు. 1998లో మానవ హక్కుల వేదిక ఏర్పడటం వెనుక ఈ ఆలోచన కూడా ఉంది. విదేశీ సిద్ధాంతకారులకు ఇచ్చే గౌరవంలో సగమైనా ఆ చర్చకు మన విశ్వవిద్యాలయాల పాఠ్యప్రణాళికలు ఇచ్చి ఉంటే బాగుండేది.

ఇప్పటి పరిస్థితిని ఈ కొలతతో చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో దశలవారీ మద్యనిషేధం హామీతో గెలిచిన ప్రభుత్వం దుకాణాలను తానే నడిపింది, తర్వాత మద్యం రాబడిని సంక్షేమ పథకాలకు ముడిపెట్టింది. 2024 అక్టోబరులో తర్వాతి ప్రభుత్వం 3,396 దుకాణాలను లాటరీ పద్ధతిలో ప్రైవేటువారికి ఇచ్చింది. తెలంగాణలో 2,620 దుకాణాలకు 2023లో జరిగిన లాటరీలో దరఖాస్తు రుసుముల ద్వారానే ఖజానాకు రెండు వేల కోట్ల రూపాయలకు పైగా వచ్చింది. పార్టీలు వేరు, పద్ధతులు వేరు. ఇంటి మగవాడి కూలి డబ్బు దుకాణం ద్వారా ఖజానాకు చేరి, అందులో కొంత ఇంటి ఇల్లాలి బ్యాంకు ఖాతాకు పథకం పేరుతో తిరిగి వస్తున్న చక్రం మాత్రం మారలేదు. ఈ చక్రంలో ఆ ఇల్లాలు లబ్ధిదారు. నిర్ణయంలో ఆమెకు చోటు లేదు. పథకం అందుతోంది కనుక ఆమె సమ్మతించిందని అనేవారు, ఆమెను దుకాణం గురించి ఎప్పుడు అడిగారో చెప్పాలి. పథకాలను నేను వ్యతిరేకించడం లేదు. వృద్ధాప్య పింఛను మీద ఆధారపడి బతికే వారి ముందు దాన్ని ఎత్తిపొడవడం అమానుషం. పథకం తీసుకోవడాన్ని సమ్మతిగా లెక్కగట్టే సిద్ధాంతానికే నా అభ్యంతరం.

మరో విషయం మీ పత్రిక జిల్లా పేజీల్లోనే తరచుగా కనిపిస్తుంది. రెండు రాష్ట్రాల్లోనూ ఎన్నో గ్రామాలు సభ పెట్టుకుని, తీర్మానం చేసుకుని, బెల్టు షాపులు మూయించుకుంటున్నాయి. అమ్మితే జరిమానా అని పంచాయతీ గోడ మీద రాసుకుంటున్నాయి. అనుమతి లేని బెల్టు షాపులు చట్టరీత్యా ఎలాగూ నేరమే కాబట్టి ఆ తీర్మానాలు చట్టం అమలును తమ చేతిలోకి తీసుకున్నవి. కాని అదే ఊరు అనుమతి ఉన్న దుకాణాన్ని వద్దనాలంటే మైదాన ప్రాంతంలో ఆ తీర్మానానికి విలువ లేదు. గిరిజనులు ఎక్కువగా ఉండే షెడ్యూల్డు ప్రాంతాల్లో పరిస్థితి వేరు. ఆ ప్రాంతాల పంచాయతీల కోసం తెచ్చిన 1996 నాటి పెసా చట్టం మత్తు పదార్థాల అమ్మకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారాన్ని గ్రామసభకు, తగిన స్థాయి పంచాయతీకి ఇచ్చింది. అమలులో ఎన్ని లోపాలున్నా, నిర్ణయం ఎవరిదన్న ప్రశ్నకు ఆ చట్టం కాగితం మీదనైనా సరైన జవాబు ఇచ్చింది.

మైదాన ప్రాంతాల్లోనూ ఇది సాధ్యమేనని మహారాష్ట్ర చూపింది. అక్కడ 2008 నాటి ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం గ్రామంలో దుకాణం ఉండాలా వద్దా అని స్త్రీల చేత రహస్య ఓటింగు జరిపించవచ్చు. ఓటు కాగితం మీద రెండు బొమ్మలుంటాయి, నిలబెట్టిన సీసా ఒకటి, పక్కకు పడిపోయిన సీసా ఒకటి. నమోదైన స్త్రీ ఓటర్లలో సగానికి పైగా పడిపోయిన సీసాకు ఓటేస్తే దుకాణం మూయాలి. రాజస్థాన్‌లోని రాజ్‌సమంద్ జిల్లా కాఛబలి గ్రామం కూడా 2016లో ఓటేసి దుకాణం మూయించుకుంది. ఇందులో లోపాలు లేవని అనను. ఓటింగు కోరడానికే ముందు సంతకాలు సేకరించాలి, ఓటింగుకు రాని స్త్రీ వ్యతిరేకించనట్టే లెక్క, ఒక ఊళ్లో మూసిన దుకాణం పక్క ఊళ్లో తెరుచుకుంటుంది. అయినా అక్కడ గెలిచిన ఊరు తన గెలుపును మరో ప్రభుత్వపు కలం పోటుకు పోగొట్టుకోవడం 1997లో మనకు జరిగినంత సులువు కాదు. ఎందుకంటే అక్కడ రాజ్యం మూసివేతను ఇవ్వలేదు, మూసే అధికారాన్ని ఇచ్చింది.

మద్యం ఒక్కదాని గురించే నేను ఇంత రాయలేదు. గనుల తవ్వకం, భూసేకరణ, పరిశ్రమల స్థలం, పట్టణాల్లో బస్తీల తొలగింపు, వీటన్నింటిలోనూ నష్టపరిహారం పెంచడం ద్వారా ప్రతిఘటనను సర్దుబాటు చేయడం మన రాజ్యానికి బాగా అలవాటైన విద్య. 2013 భూసేకరణ చట్టం ప్రైవేటు ప్రాజెక్టులకు 80 శాతం, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్య ప్రాజెక్టులకు 70 శాతం ప్రభావిత కుటుంబాల అంగీకారం తప్పనిసరి చేసినప్పుడు అది సమ్మతిని మొదటిసారి భూసేకరణ చట్టం లోపలికి తెచ్చింది. ఆ నిబంధన మీదే ఆ తర్వాత ఎక్కువ దాడి జరిగింది. 2014 చివరిలో కేంద్రం ఆర్డినెన్సు ద్వారా దాన్ని చాలా రకాల ప్రాజెక్టులకు తొలగించి, దేశవ్యాప్త వ్యతిరేకత వల్ల 2015లో వెనక్కి తగ్గింది. పరిహారం మొత్తం మీద రాజ్యం అంత పట్టుబట్టలేదు, అంగీకారం మీదే పట్టుబట్టింది. తనకు అసలైన ఇబ్బంది ఎక్కడుందో రాజ్యానికి బాగా తెలుసు. సిద్ధాంతకారులు ఈ విషయంలో దానికంటే వెనకబడటం నన్ను బాధిస్తోంది.

కాబట్టి మీ పుటల్లో ఈ చర్చ కొనసాగిస్తున్న మిత్రులకు నా విన్నపం ఒకటే. ఒక ప్రభుత్వానికి ప్రజామోదం ఉందా లేదా అన్న వాదన కొంతకాలం పక్కన పెట్టి, గత మూడు నాలుగు దశాబ్దాల్లో తెలుగునాట రాజ్యం ఒప్పుకున్న పెద్ద కోరికలను ఒక్కొక్కటిగా తీసుకుని, ఒప్పుకోలు తర్వాత నిర్ణయాధికారం ఎవరి దగ్గర మిగిలిందో పరిశీలించి రాయండి. రెండు రాష్ట్ర ప్రభుత్వాలకు కూడా ఇదే వేదిక మీద నుంచి ఒక విజ్ఞప్తి చేస్తున్నాను. తర్వాతి మద్యం విధానం ప్రకటించే ముందు ఎక్సైజ్ నిబంధనల్లో ఒక మార్పు తెచ్చి, పెసా గ్రామసభలకు ఉన్న అధికారాన్ని మైదాన గ్రామాలకు, పట్టణ వార్డులకు కూడా వర్తింపజేయండి. దుకాణం వద్దని ఊరి స్త్రీలలో సగానికి పైగా ఓటేస్తే, ఆ ఊరికి లైసెన్సు ఇచ్చే అధికారం ఏ ప్రభుత్వానికీ ఉండకూడదు.

భవదీయురాలు,
విశ్రాంత రాజనీతిశాస్త్ర అధ్యాపకురాలు,
నెల్లూరు.